రెండు కొసలకు రెండు చుక్కలు

“సంతకం పెట్టనంటే పెట్టను,” అంది ఒఫేలియా బర్రాసా. అని ఊరుకుందా? డార్లా తన ముందు పెట్టిన కాగితాన్ని ఒంటి వేలితో మళ్ళీ డార్లా వైపే తోసింది.

డార్లా ఆ కంపెనీలో క్వాలిటీ మేనేజరు. ఆవిడ ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టనన్న మనిషి పదకొండేళ్ళలో ఒక్కరూ లేరు. కాగితం బల్ల అంచు దాకా వచ్చి కింద పడబోతుంటే అరచేత్తో ఆపి, నవ్వు మొహంతోనే మళ్ళీ ముందుకు జరిపింది.

“ఇదేం శిక్ష కాదు, ఒఫేలియా. తొమ్మిది కాయిళ్ళు ఓవెన్ పరీక్షలో పోయాయి. ఎందుకు పోయాయో ఎక్కడో ఒకచోట రాయాలి కదా. ‘కారణం: చుట్టిన వారి పొరపాటు’ అని రాశాం. అంతే.”

“నా పొరపాటని రాసి, అంతే అంటావా?”

“అందులో నీ పేరెక్కడుంది?”

“ఈ బిల్డింగులో చేత్తో కాయిళ్ళు చుట్టేవాళ్ళు ఎంతమంది?”

ఎంతమందేమిటి, ఒక్కతే. ఒకప్పుడు ఆరుగురు ఉండేవాళ్ళు. ఒక్కొక్కరే రిటైరై, ఊళ్ళు మారి, ఆఖరికి ఒఫేలియా మిగిలింది. ఆ కాగితం మీద పేరు వేరే రాయాలా?

“చూడు,” అని డార్లా గొంతు తగ్గించింది. “శుక్రవారం సాయంత్రం లోపల ఈ ఫైలు మూసెయ్యాలి. సంతకం పెట్టావా, సోమవారం నుంచి ప్యాకింగ్‌లో నీకు చోటుంది. కూర్చుని చేసే పని. పెట్టలేదా, ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు. ఎటూ చుట్టే పని ఆటోమేటిక్ మెషిన్ మీదకి పోతుంది.”

“ప్యాకింగ్‌లోనా! ఇరవై ఆరేళ్ళు గాజుపోగు చుట్టిన చేతులతో అట్టపెట్టెలకి టేపు అతికించమంటావ్.”

“పని పనే కదా.”

“అయితే నువ్వెళ్ళి అతికించుకో,” అని లేచింది ఒఫేలియా. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. “శుక్రవారం అన్నావుగా. ఇవాళ సోమవారమే. నాలుగు రోజులుంది.”

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు, మనిషి పొట్టి. అయినా ఆ తలుపు మూసిన చప్పుడుకి పక్క గదిలోవాళ్ళు తలలెత్తి చూశారు.

ఒళ్ళు మండిపోతోంది ఆమెకు. మండదా మరి? ఆ పని ఏమిటో తెలిస్తే ఎవరికైనా మండుతుంది. వెంట్రుకంత సన్నటి గాజుపోగు, కిలోమీటరు పైచిలుకు పొడవు. దాన్ని గుప్పిట్లో పట్టే కాయిల్‌గా చుట్టాలి. తర్వాత వెలుగును రెండు పాయలు చేసి ఒక పాయను ఈ కొస నుంచి, రెండో పాయను ఆ కొస నుంచి పంపుతారు. కాయిల్ కదలకుండా ఉంటే రెండూ ఒకేసారి బయటపడతాయి. తిరిగిందా, ఒకటి రవ్వంత ముందు, ఇంకొకటి రవ్వంత వెనక. ఆ రవ్వంత తేడాను కొలిచి, ఎటు తిరిగామో ఎంత తిరిగామో చెప్పేదే జైరో. వీళ్ళ జైరోలు అడవిలో మంటలార్పే విమానాలకు వెళతాయి. పొగలో ఏమీ కనబడని పైలట్‌కి నిప్పు ఎటుందో చూపించే కెమెరాను నిలకడగా పట్టుకునేవి అవే.

చిక్కంతా వేడితో. పోగులో ఒక సగం ముందు వేడెక్కి, రెండో సగం వెనకబడిందా, జైరో బల్ల మీద కదలకుండా కూర్చుని కూడా తిరుగుతున్నానని అబద్ధం చెబుతుంది. అందుకే పోగును కొస నుంచి చుట్టరు. నట్టనడుమ పట్టుకుని, అక్కడి నుంచి బయటికి చుట్టుకుంటూ వస్తారు. ఒక వరస ఈ సగానిది, రెండు వరసలు ఆ సగానివి, మళ్ళీ ఒకటి ఈ సగానిది. అప్పుడు ఒక సగానికి తగిలిన వేడి అదే క్షణాన రెండో సగానికీ తగులుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక్క చుట్టు పక్కదాని మీదికి ఎక్కినా పనికిరాదు. భూతద్దం కింద కళ్ళు పెట్టి, ఊపిరి బిగబట్టి రెండు రోజులు చుడితే ఒక కాయిల్.

ఆమె నేరుగా బ్రాంట్ గదికి వెళ్ళింది. బ్రాంట్ కెస్లర్ ఎనిమిది నెలల కిందట డాక్టరేట్ చేసి వచ్చిన ఇంజనీరు. కుర్రవాడు మంచివాడే, అబద్ధమాడడు. కాకపోతే చదివింది కళ్ళకు అడ్డం పడుతుంటుంది.

“నా కాయిళ్ళు ఎప్పుడు తప్పు చెబుతున్నాయి? వేడిగా ఉన్నప్పుడా, వేడెక్కుతున్నప్పుడా?”

బ్రాంట్ కుర్చీలో సర్దుకున్నాడు. “వేడెక్కుతున్నప్పుడండీ. ఓవెన్ ఒకచోట నిలబడిపోతే తప్పు కూడా తగ్గిపోతుంది. చల్లారుతున్నప్పుడు మళ్ళీ వస్తుంది, రెండో వైపుకి.”

“తొమ్మిదీ ఒకే వైపుకా?”

“ఒకే వైపుకి. అందుకే చెయ్యి అలవాటు అనుకున్నాం. మీ చెయ్యి ఒక సగాన్ని కొంచెం బిగించి, ఇంకో సగాన్ని వదులుగా...”

“ఇరవై ఆరేళ్ళుగా లేని అలవాటు నా చేతికి మే నెలలో పుట్టుకొచ్చిందా?”

బ్రాంట్ తెరను ఆమె వైపు తిప్పాడు. “కాయిళ్ళను పారెయ్యక్కర్లేదండీ. ఎంత వేడికి ఎంత తప్పో ఒక పట్టిక రాశాను. జైరో చెప్పిన దాంట్లోంచి కంప్యూటరు ఆ తప్పు తీసేస్తుంది. చూడండి, గీత ఎంత నున్నగా వచ్చిందో.”

“నీ ఓవెన్ గంటకి ఎంత వేడెక్కుతుంది?”

“మెల్లిగానే. ఇరవై డిగ్రీలు.”

“జూలైలో ఫీనిక్స్ ఎయిర్‌పోర్టులో రన్‌వే మీద నిలబెట్టిన విమానం ఎప్పుడైనా ముట్టుకున్నావా? చెయ్యి అంటుకుపోతుంది. అక్కడి నుంచి లేచిన పది నిమిషాల్లో కొండల మీద చల్లగాలిలోకి పోతుంది. నీ పట్టికకి ఆ సంగతి తెలుసా? జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా థర్మామీటరు మీద అంకెలు చెరిపినట్టుంది నీ పని!”

ఆ మాట నిజమని బ్రాంట్‌కీ తెలుసు. నాలుగు వారాలు కష్టపడి రాసిన పట్టిక కాబట్టి మింగుడు పడలేదు.

మంగళవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో రెమేదియోస్ పక్కన కూలబడింది ఒఫేలియా. రెమేదియోస్ అని ఎవరూ అనరు, రెమే అంటారు. ఆమె కూతురికి బాప్తిస్మమప్పుడు ఒఫేలియా జ్ఞానమాత. అప్పటి నుంచి ఒకరినొకరు ‘కొమాద్రే’ అని పిలుచుకుంటారు, అక్కచెల్లెళ్ళకంటే ఎక్కువ. చుట్టిన కాయిల్ రెండు కొసలనూ జైరో లోపలి భాగాలకు అతికే పని రెమేది.

“తిను, కొమాద్రే. పస్తులుంటే డార్లా భయపడుతుందా?” అని రెమే తన టోర్టియా రొట్టెలో సగం చించి ఇచ్చింది. లోపల బీన్స్, పచ్చిమిరప.

“ఆకలి లేదే. నా చెయ్యి తప్పంటున్నారు.”

“వాళ్ళ మొహం. నీ చెయ్యి తప్పయితే ఇక్కడ ఎవరి చెయ్యి ఒప్పు? నా కొత్త మెషిన్ చూడు, అది ఒప్పా? ఆ దరిద్రప్పీనుగ! పాతదైతే ఒక్కసారికే అతికేది. ఇది ప్రతిదానికీ మూతి ముడుస్తుంది. అతుకు బాగాలేదు, మళ్ళీ కొయ్యి. మళ్ళీ బాగాలేదు, మళ్ళీ కొయ్యి. ఒక్కో కాయిల్‌కి పది పదిహేనుసార్లు కోస్తున్నా.”

“ఎప్పటి నుంచి?”

“అదొచ్చినప్పటి నుంచే. మే మొదటి వారం.”

ఒఫేలియా చేతిలో టోర్టియా నోటి దగ్గరే ఆగిపోయింది.

“రెమే, కోసేది ఏ కొస?”

“కుడి కొస. మెషిన్ కుడి పక్కనే కదా పెట్టారు. ఎడమ కొస ముందు చేతి పనిముట్టుతో అతికేస్తా, అది ఒక్కసారికే పడుతుంది. పేచీ అంతా కుడిదాంతోనే.”

“ఒక్కోసారికి ఎంత పోతుంది?”

“నాలుగు వేళ్ళంత...” అని చెబుతూనే రెమే ఆగింది. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి, విడమరచి చెప్పాలా? ఒక కొస ఎప్పట్లానే ఉంది. రెండో కొస పదిసార్లు, పదిహేనుసార్లు తెగింది. పోగుకు నడిమి ఇక నడిమి కాదు. ఒఫేలియా రెండు రోజులు ఊపిరి బిగబట్టి కుదిర్చిన సమానం, రెమే బల్ల మీద మీటరుకు పైగా తెగి చెత్తబుట్టలో పడుతోంది.

రెమే మొహం పాలిపోయింది. “అయితే తప్పు నాదా?”

“నేనలా అన్నానా?”

“నువ్వనవు, వాళ్ళంటారు. నీ కాగితం మీద ‘చుట్టిన వారు’ అన్నది కొట్టేసి నా పేరు రాస్తారు.” రెమే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాకింకా మూడేళ్ళ సర్వీసుంది, కొమాద్రే. నా మొగుడి మందులు ఈ ఉద్యోగం ఇన్సూరెన్స్ మీదే నడుస్తున్నాయి.”

“నోర్ముయ్యి,” అంది ఒఫేలియా, చెయ్యి పట్టుకుని. “నీ పని కాగితంలో ఏముంది? కుడి కొస కోస్తే ఎడమ కొస కూడా అంతే కొయ్యమని ఉందా?”

“లేదు. అతుకు బాగాలేకపోతే కోసి మళ్ళీ అతకమని ఉంది. అంతే.”

“మరి నువ్వు చేసిందేమిటి? కాగితంలో ఉన్నదే చేశావు. ఒక్కసారికే అతికే మెషిన్‌కి రాసిన కాగితం అది. కొత్త మెషిన్ కొన్నవాడు ఆ కాగితం తిరగేసి చూశాడా? ఇద్దరాడవాళ్ళు దొరికారు కదాని మన నెత్తిన పెడదామనుకుంటే కుదరదు. నేను పెట్టనివ్వను.”

అంత ధీమాగా అందే గానీ, ఆ మధ్యాహ్నమంతా ఆమెకు పని మీద మనసు నిలవలేదు. కుడి కొస కురచైందని చూపించడం సులువే, టేపు పెట్టి కొలిస్తే చాలు. కానీ డార్లా ఏమంటుంది? ‘లోపల నువ్వే అటు తక్కువ, ఇటు ఎక్కువ చుట్టావేమో’ అంటుంది. నడిమి భాగం కాయిల్ అడుగున, జిగురులో గట్టిపడి ఉంటుంది. తీసి చూపించే దారి లేదు.

దారి ఒకటుంది. అది ఒఫేలియాకు తప్ప ఎవరికీ తెలియదు.

చుట్టడం మొదలుపెట్టే ముందు ఆమె పోగును రెండు రీళ్ళ మీదకు సమానంగా పంచుకుంటుంది. మీటర్లు లెక్కపెట్టే చక్రం మీదుగా పోనిచ్చి, నడిమి నుంచి సరిగ్గా అయిదు వందల ఇరవై మీటర్ల దగ్గర, రెండు వైపులా, ఆవగింజంత చుక్క పెడుతుంది. గోళ్ళరంగుతో. చుట్టడం అయ్యేసరికి ఆ రెండు చుక్కలూ కాయిల్ అంచుకు జానెడు బయట తేలాలి, రెండూ ఒకే దూరంలో. తేలాయా, చుట్టింది సమానం. తేలలేదా, విప్పి మళ్ళీ చుడుతుంది. పని నేర్పిన ముసలావిడ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. కొసల మీద సన్నటి తొడుగు ఎక్కించాక చుక్కలు ఎవరికీ కనబడవు.

రెండేళ్ళ కిందట డార్లా దాన్ని నిషేధించింది. గోళ్ళరంగు పోగు పైపూతను తినేస్తుందట, కాయిళ్ళు చుట్టే శుభ్రమైన గదిలోకి సీసా తేవడమే నేరమట. చక్రం చెప్పిన లెక్క చాలట. అందరి చేతా సంతకాలు పెట్టించింది, ఒఫేలియా చేత కూడా. ఒఫేలియా సంతకం పెట్టి, మర్నాడే సీసాను మేజోడులో దాచుకుని లోపలికి తెచ్చింది. చక్రం అప్పుడప్పుడు జారుతుంది, చుక్క జారదు. పట్టుబడితే ఉద్యోగం పోతుందని తెలిసే చేసింది.

ఇప్పుడు తన చేతిలో తప్పు లేదని చూపించాలంటే, తను చేసిన తప్పు బయటపెట్టాలి. అదీ సంగతి!

ఆమెకు నిర్ణయించుకోవడానికి ఒక రాత్రి కూడా పట్టలేదు. బుధవారం పొద్దున్నే బ్రాంట్‌నీ డార్లానీ రెమే బల్ల దగ్గరికి పిలిచింది. పరీక్షలో పోయిన ఒక జైరో మూత తీసి ఉంది అక్కడ.

“కొలువు,” అని బ్రాంట్ చేతికి టేపు ఇచ్చింది. “కాయిల్ అంచు నుంచి అతుకు దాకా. రెండు కొసలూ.”

బ్రాంట్ వంగి కొలిచాడు. “ఎడమది నూట తొంభై సెంటీమీటర్లు. కుడిది...” మళ్ళీ కొలిచాడు. “అరవై రెండు.”

“కొత్త మెషిన్ అతుకు పడక పదిహేనుసార్లు కోయించింది. అన్నీ కుడి కొసలోనే. మిగతా ఎనిమిదింటిదీ ఇదే కథ, కావాలంటే కొలుచుకోండి.”

డార్లా చేతులు కట్టుకుంది. “లోపల సమానంగానే చుట్టావని ఏమిటి నమ్మకం? అటు మీటరు ఎక్కువ, ఇటు మీటరు తక్కువ చుట్టి ఉంటే?”

“ఆ మాట కోసమే చూస్తున్నా. రెమే, తొడుగు జరుపు.”

రెమే పట్టుకారుతో సన్నటి తొడుగును వెనక్కి లాగింది, ముందు ఎడమ కొసది, తర్వాత కుడి కొసది. భూతద్దం దీపం కింద రెండు చుక్కలు మెరిశాయి, ఎర్రగా. రెండూ కాయిల్ అంచుకు జానెడు దూరంలో. బ్రాంట్ టేపు పెట్టి చూశాడు. మిల్లీమీటరు తేడా లేదు.

“నడిమి నుంచి అయిదు వందల ఇరవై మీటర్లు ఇటు, అయిదు వందల ఇరవై మీటర్లు అటు,” అంది ఒఫేలియా. “చుట్టక ముందు పెట్టిన చుక్కలు. లోపల తేడా ఉంటే ఇవి ఒకేచోట తేలవు. ఆ చుక్క దాకా ఉన్నదంతా నా చెయ్యి. దాని అవతల తెగిందానికి నా చేత సంతకం అడక్కు.”

డార్లా వంగి చూసింది. చూసి నిటారుగా నిలబడింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

“అది గోళ్ళరంగా?”

“గోళ్ళరంగే.”

“వద్దని సంతకం పెట్టించానా లేదా?”

“పెట్టించావు. పెట్టాను. అయినా వేశాను. ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం, నేనెక్కడికీ పారిపోను. ముందు ఈ మాట తేల్చు.”

“ఎంత పొగరు నీకు!”

“పొగరే. ఈ చుక్కలు లేకపోతే ఇవాళ నా మాట నమ్మేదానివా?”

బ్రాంట్ ఈ గొడవేదీ వినడం లేదు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటూ, తనలో తను గొణుక్కుంటున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. “కొసల దగ్గర తేడా వస్తేనే అన్నిటికంటే ఎక్కువ దెబ్బ! ఆ మీటరు పోగు పెట్టె గోడని ఆనుకుని ఉంటుంది, వేడి ముందు తగిలేది దానికే. దానికి జోడీ లేదు. అయ్యో, నేనెంత మొద్దుని! ఒకే వైపుకి తప్పు వస్తున్నప్పుడే అడగాల్సింది.”

“మొద్దువి కాదులే, వినవు అంతే,” అంది ఒఫేలియా.

“ఎడమ కొసని కూడా అరవై రెండు దగ్గర కోసి అతికి, మళ్ళీ ఓవెన్‌లో పెడితే తేలిపోతుంది.”

“అతుకు పడకపోతే?” అంది డార్లా. “కొసలు నలభై కంటే కురచైతే అతకడానికి చాలవు. కాయిల్ చెత్తలోకే. పట్టికతో అమ్ముకోగలిగిన జైరోని నీ పంతం కోసం పాడు చెయ్యమంటావా, ఒఫేలియా?”

“చెయ్యమంటున్నా. పోతే, నీ సోమవారం కాగితం తీసుకురా. నా పేరు పెద్దక్షరాల్లో రాసి మరీ సంతకం పెడతా. ప్యాకింగ్ కూడా అక్కర్లేదు, ఇంటికే పోతా.”

“నీ ఇష్టం,” అంది డార్లా. “ఇది నువ్వు అడిగి చేయిస్తున్నదే. గుర్తుంచుకో.”

గురువారం పొద్దున రెమే బల్ల చుట్టూ నలుగురూ చేరారు. కోసే పని బ్రాంట్ చేస్తానన్నాడు. “జరుగు, నాయనా,” అని రెమే వాడిని మోచేత్తో పక్కకు తోసింది. “కోసింది నేను. సరిచేసేదీ నేనే.” ఎడమ కొసను అరవై రెండు దగ్గర కోసింది. ఈసారి దాన్నీ కొత్త మెషిన్ మీదే అతకాలి. అంత కురచ కొసను చేతి పనిముట్టు పట్టుకోదు. పైపూత ఒలిచి, తుడిచి, మెషిన్ నోట్లో పెట్టి మీట నొక్కింది. చిన్న మెరుపు మెరిసింది. తెర మీద ఎర్ర అక్షరాలు: అతుకు బాగాలేదు.

రెమే మళ్ళీ కోసింది. యాభై నాలుగు. మెరుపు. మళ్ళీ ఎర్ర అక్షరాలు.

“ఇది కావాలనే చేస్తోంది,” అంది రెమే పళ్ళు నూరుతూ. “దీని తాడు తెగ!”

“ఆగు,” అంది ఒఫేలియా. “తొందరపడకు. తుడిచే గుడ్డ మార్చు. ఊపిరి వదిలి నొక్కు.”

యాభై నాలుగు నుంచి ఇంకో నాలుగు వేళ్ళు పోయాయి. నలభై ఆరు. ఇంకొక్కసారి తప్పితే అయిపోయినట్టే. డార్లా గడియారం చూసుకుంటోంది. రెమే కళ్ళు మూసుకుని, గ్వాదలూపే మాతను తలుచుకుని, శిలువ గుర్తు వేసుకుని మీట నొక్కింది.

పచ్చ అక్షరాలు.

“ఎడమది నలభై ఆరు,” అన్నాడు బ్రాంట్ ఊపిరి పీల్చుకుని. “కుడిది అరవై రెండు.”

“అయితే కుడిదీ నలభై ఆరుకి కొయ్యాల్సిందే,” అంది ఒఫేలియా. “ఇటు కోస్తే అటూ కొయ్యాలి. ఆ ముక్క రాయకే ఇంత గోల.”

బాగా పడి ఉన్న అతుకును తెంపడానికి రెమేకు చెయ్యి రాలేదు. ఒక్క క్షణం ఒఫేలియా వంక చూసింది. ఒఫేలియా తల ఊపింది. రెమే కోసింది, తుడిచింది, నొక్కింది. మొదటిసారికే పచ్చ అక్షరాలు. రెమే కుర్చీలో వెనక్కి వాలిపోయి, నవ్వో ఏడుపో తెలియకుండా చేతులతో మొహం కప్పుకుంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి జైరో ఓవెన్‌లోకి వెళ్ళింది. ఒఫేలియా స్టూలు తెచ్చుకుని తెర ముందు కూర్చుంది. ఎవరు పిలిచినా కదలదు. పోయినసారి ఈ జైరో గీసిన గీత బ్రాంట్ పక్కన అతికించి పెట్టాడు: ఓవెన్ వేడెక్కడం మొదలవగానే కొండ ఎక్కినట్టు పైకి లేచిన గీత.

“పట్టిక ఆపేశాను,” అన్నాడు బ్రాంట్. “ఉన్నది ఉన్నట్టే కనబడుతుంది. ఇంకో మాట. ఈసారి ఓవెన్‌ని మెల్లిగా పెంచడం లేదు. మీరన్న విమానం లాగే, ఎంత వేగంగా పెరగగలదో అంత వేగంగా పెడుతున్నా.”

“పెట్టు,” అంది ఒఫేలియా.

ఓవెన్ హోరుమంది. అంకెలు పరిగెత్తాయి. ముప్పై, నలభై, యాభై డిగ్రీలు. గీత పోయినసారి ఎక్కడ లేచిందో ఆ చోటు దాకా వచ్చింది. ఒఫేలియా రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది. గీత కొంచెం వణికింది. వణికి, పడుకుంది. అరవై డిగ్రీలయ్యాయి. గీత లేవలేదు. చల్లార్చారు. అప్పుడూ లేవలేదు. మధ్యాహ్నం దాకా మూడుసార్లు వేడెక్కించి మూడుసార్లు చల్లార్చినా ఆ గీత నేల విడిచి పైకి రాలేదు.

బ్రాంట్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. వెనక నిలబడ్డ రెమే ఒఫేలియా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఒఫేలియా మాత్రం ఏడవలేదు. ఎవరి మీదా గెలిచినట్టు అనిపించలేదు ఆమెకు. తన చేతులను అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అంతే.

మూడింటికి డార్లా గదిలోకి పిలుపు వచ్చింది. బల్ల మీద సోమవారం నాటి కాగితం ఉంది. ‘చుట్టిన వారి పొరపాటు’ అన్న మాట కొట్టేసి ఉంది. దాని చోట: ‘పని పద్ధతిలో లోపం. ఒక కొస కోస్తే రెండోది కూడా సమానంగా కొయ్యాలి.’ కింద బ్రాంట్ సంతకం, డార్లా సంతకం. రెమే పేరు ఎక్కడా లేదు. ఒఫేలియా రెండుసార్లు వెతికి చూసింది.

“ఈ ఫైలు మూసేశాం,” అంది డార్లా. “చుట్టే మెషిన్ మాట కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టారు. నీ చోటు నీకుంది.” అని సొరుగు లాగి ఇంకో కాగితం తీసింది. “ఇది వేరే.”

ఒఫేలియా కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ‘అనుమతి లేని రంగును తొమ్మిది కాయిళ్ళ మీద వాడినందుకు మూడు రోజులు జీతం లేని సెలవు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం నుంచి తొలగింపు.’

“నువ్వు జైరోల్ని కాపాడావు, కాదనను,” అంది డార్లా. ఆవిడ గొంతులో మొదటిసారి కొంచెం ఇబ్బంది వినబడింది. “కానీ నిబంధన నిబంధనే. దీని మీదైనా సంతకం పెడతావా, ఇదీ తోసేస్తావా?”

“పెన్ను ఇలా ఇవ్వు.”

డార్లా ఇచ్చింది. ఒఫేలియా వెంటనే సంతకం పెట్టలేదు. ‘రంగు’ అన్న మాట ముందు ‘గోళ్ళ’ అని ఇరికించింది. తర్వాత ‘తొమ్మిది’ అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన నిదానంగా అంకెలు వేసింది: 241.

డార్లా కళ్ళు పెద్దవయ్యాయి. “అదేమిటి?”

“నువ్వు వద్దన్న మర్నాటి నుంచి మొన్నటి దాకా నేను చుట్టిన కాయిళ్ళు. అన్నిటికీ పెట్టాను, రెండేసి చుక్కలు. చేసినదాన్ని తగ్గించి రాస్తే ఎలా?” అని కింద పేరు మొత్తం రాసి, సంతకం పెట్టింది. “అది నేను చెయ్యలేదు, అందుకే పెట్టలేదు. ఇది నేను చేశాను.”

కాగితాన్ని ఒంటి వేలితో డార్లా వైపు తోసి లేచింది. తలుపు దగ్గర ఆగింది.

“గురువారం వస్తా. అప్పటిదాకా నా బల్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు.”